జామ మొద్దును నీళ్లలో నిలబెట్టడం: మూడడుగుల ప్లాంటెడ్ ట్యాంక్ ప్రాజెక్టు డైరీ

ఇది ప్లాంటెడ్ ట్యాంక్, అంటే లోపల మొక్కలు పెంచే అక్వేరియం. కొలత 36 × 18 × 18 అంగుళాలు, అద్దం 8 మి.మీ. మట్టి, రాళ్లు, పైన వదిలే ఖాళీ పోగా పట్టే నీళ్లు 140 లీటర్ల దరిదాపు. మధ్య నుంచి కాస్త ఎడమగా ఒకే ఒక్క జామ మొద్దు పెట్టి, దాని మీద కర్రను అంటిపెట్టుకుని పెరిగే అనుబియాస్, జావా ఫెర్న్ మొక్కలు, నాచు ఎక్కించాలన్నది ప్లాను. మొద్దు తలకిందులుగా నిలబడుతుంది. కాండం కోసిన వైపు కింద పీఠం అవుతుంది, వేర్లు పైకి కొమ్మల్లా విచ్చుకుంటాయి. కాండం అడ్డుకొలత 12 సెం.మీ., మొత్తం ఎత్తు 34 సెం.మీ. నాలుగు వేర్లలో మూడు పొట్టివి. నాలుగోది మాత్రం 35 సెం.మీ. పొడవున కుడివైపు వాలి ఉంది. ఈ ట్యాంక్‌కి అందం తెచ్చేదీ, మొద్దును నిలబెట్టడంలో అసలు చిక్కు తెచ్చేదీ ఆ వేరే.

డ్రిఫ్ట్‌వుడ్ (ట్యాంకులో పెట్టే ఎండు కర్ర) తేలుతోందంటే చాలామంది చేసేది ఒకటే, పైన ఒక పెద్ద రాయి పెట్టేయడం. మొద్దు మునుగుతుంది, కానీ నిలవదు. ఎంత బరువు కావాలో ఒక లెక్క, ఆ బరువు ఎక్కడ ఉండాలో ఇంకో లెక్క. రెండోదాన్ని వదిలేసినప్పుడే మట్టి పోసి మొక్కలు నాటిన తర్వాత మొద్దు పక్కకి ఒరిగి లేస్తుంది. ఈ డైరీలో తూకాలూ కొలతలూ ఇంత వివరంగా రాయడానికి కారణం అదే. మేం మొద్దు పీఠం కింద ఒక రాతి పలకను స్క్రూలతో బిగించి నిలబెట్టాం.

కర్ర ఎంపిక

జామ కర్ర మన ఊళ్లలో సులువుగా దొరుకుతుంది. గట్టిది, బంక కారదు, రొయ్యలున్న ట్యాంకుల్లోనూ నిక్షేపంగా వాడుకోవచ్చు. చింత వేరు కూడా మంచిదే. షాపుల్లో మలేషియన్ డ్రిఫ్ట్‌వుడ్, మొపానీ పేర్లతో అమ్మేవి బరువైన రకాలు, చాలాసార్లు కొన్న రోజే మునిగిపోతాయి. స్పైడర్ వుడ్ మాత్రం తేలిక రకం, వారాల తరబడి తేలుతూనే ఉంటుంది.

వద్దనుకోవాల్సిన చెట్లు కొన్ని ఉన్నాయి. గన్నేరు నిలువెల్లా విషం. జిల్లేడు, జెముడు జాతులవి పాలు కారే కాండాలు. కానుగ చేపలకు పడదు. వేపలోని చేదు పదార్థాలు పురుగుల మీద పనిచేస్తాయి, రొయ్యలేమో పురుగులకు దగ్గరి చుట్టాలు, కాబట్టి రొయ్యలు వేయాలనుకునేవాళ్లు వేప జోలికి పోకూడదు. జిగురు కారే పైన్ రకాలూ, నూనె వాసన కొట్టే నీలగిరీ వద్దు. పాత ఫర్నిచర్ చెక్క అసలే వద్దు. దానికి పట్టించిన చెదల మందు, వార్నిష్ ఎంత ఉడకబెట్టినా పూర్తిగా పోవు. పత్తి, మిరప చేల గట్ల మీద పడి ఉన్న మొద్దులకూ ఇదే మాట, వాటి మీద ఎన్ని మందులు పడ్డాయో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

సముద్రపు ఒడ్డున దొరికే కర్రలో ఉప్పు ఉంటుంది, అది వదలడానికి నెలలు పడుతుంది. మడ అడవుల్లో కర్ర అసలు ముట్టుకోకూడదు. కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యం, అక్కడ ఎండిన కొమ్మ తీసినా తప్పే. రిజర్వు ఫారెస్టు ఏదైనా అంతే.

ఈ మొద్దు పెరట్లో కొట్టేసిన చెట్టుది, ఏడాదికి పైగా నీడలో ఎండినది. పచ్చి కర్ర ఎందుకు పనికిరాదంటే అందులో చెట్టు రసం, చక్కెరలు ఇంకా ఉంటాయి. నీళ్లలో పడగానే బాక్టీరియా వాటి మీద పడి ఆక్సిజన్ లాగేస్తుంది, నీళ్లు మసకబారి వాసన వస్తాయి.

శుభ్రం చేయడం

బెరడు మొత్తం తీసేయాలి, అక్కడక్కడా వదిలితే ముందు కుళ్లేది అదే. జామ బెరడు పలుచన, ఎండితే పొరలుగా లేస్తుంది. వేళ్ల సందుల్లో మాత్రం ఉలి, పాత స్క్రూడ్రైవర్ కావాల్సి వచ్చాయి. ఇనుప తీగల బ్రష్ వాడలేదు, దాని ముక్కలు కర్రలో ఇరుక్కుని తుప్పు పడతాయి. నైలాన్ బ్రష్, ధారగా వచ్చే నీళ్లు సరిపోయాయి.

తర్వాత పుచ్చు వెతకాలి. స్క్రూడ్రైవర్ మొనతో అంగుళానికోసారి గుచ్చుతూ పోతే చేవ ఉన్నచోట టక్కున ఆగుతుంది, పుచ్చిన చోట మెత్తగా దిగుతుంది. దిగిన ప్రతిచోటా గట్టి కర్ర తగిలేదాకా తవ్వి తీసేయాలి. పీఠం వైపు ఇది మరీ ముఖ్యం. రేపు స్క్రూ పట్టు దొరకాల్సింది అక్కడే. ఈ మొద్దులో కాండం నడిమి భాగం బొటనవేలంత మేర మెత్తబడి ఉంది, దాన్ని తీసేస్తే చిన్న గుంట మిగిలింది. స్క్రూలు ఆ గుంటకు దూరంగా, అంచు వైపు పడేలా గుర్తులు పెట్టాం.

పీఠాన్ని రంపంతో మళ్లీ ఒకసారి మట్టంగా కోసి, సమంగా ఉన్న బండ మీద నిలబెట్టి చూడాలి. రవ్వంత ఊగినా మళ్లీ కోయాలి. ఊగే పీఠాన్ని పలకకు బిగిస్తే స్క్రూ లాగే బలమంతా ఒకే అంచు మీద పడి పలక పగులుతుంది.

మొదటి తూకం

దీనికి కావాల్సినవి మూడు: లగేజీ తూచే వేలాడే డిజిటల్ కాటా, వంద లీటర్ల టబ్, 5 కిలోల గ్రానైట్ దిమ్మ.

ముందు దిమ్మను తాడుతో కట్టి, పూర్తిగా నీళ్లలో మునిగేలా, అడుగు తగలకుండా కాటాకు వేలాడదీయాలి. గాలిలో 5.00 కిలోలున్న ఈ దిమ్మ నీళ్లలో 3.14 కిలోలు చూపింది. రాయి తోసేసిన నీళ్ల బరువు తగ్గడం వల్ల అంత తేడా. ఈ సంగతి మరిచిపోయి, కిలో తేలే కర్రకు కిలో రాయి చాలనుకుంటే కర్ర తేలుతూనే ఉంటుంది. గ్రానైట్ అయినా పలకరాయి అయినా నీళ్లలో మిగిలేది దాని బరువులో 63 శాతం చొప్పున వేసుకోవాలి.

ఇప్పుడు మొద్దును దిమ్మకు కట్టి, రెండూ కలిపి ముంచి మళ్లీ తూచాలి. కాటా 1.98 చూపింది. 3.14 లోంచి 1.98 తీసేస్తే 1.16 కిలోలు. మొద్దు పైకి లాగే బలం అదే. మొద్దు గాలిలో సరిగ్గా 3.00 కిలోలు తూగింది. ఈ రెండూ కూడితే వచ్చే 4.16 కిలోలు అది తోసేసే నీళ్ల బరువు, అంటే మొద్దు ఘనపరిమాణం 4.16 లీటర్లు.

తూచేటప్పుడు మొద్దును అటూఇటూ తిప్పి సందుల్లో ఇరుక్కున్న గాలి బుడగలు వదిలించాలి. అవి అలాగే ఉంటే 30, 40 గ్రాముల తేడా సులువుగా వస్తుంది. గాలిలో తూచే ముందు పైతడి గుడ్డతో తుడవాలి. ప్రతిసారీ ఒకేలా చేస్తేనే వారం వారం అంకెలను పోల్చి చూడొచ్చు.

ఉడకబెట్టడం

కర్ర తేలడానికి కారణం కర్ర పదార్థం కాదు. ఏ చెట్టుదైనా కణాల గోడ నీటికంటే ఒకటిన్నర రెట్లు బరువైనదే. గోడల మధ్య గొట్టాల్లో ఉన్న గాలి దాన్ని తేలుస్తుంది. నానబెట్టడం, ఉడకబెట్టడం అన్నీ ఆ గాలిని తోసి నీటిని లోపలికి పంపడానికే.

ఉడికేటప్పుడు గొట్టాల్లో ఆవిరి నిండి గాలి బుడగలుగా బయటకు వస్తుంది. పొయ్యి ఆర్పాక ఆవిరి చల్లబడి నీరవుతుంది, లోపల ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీ చుట్టూ ఉన్న నీళ్లను పీల్చుకుంటుంది. కాబట్టి నీరు లోపలికి పోయేది ఎక్కువగా చల్లారే వేళ. మరిగాక వేడిమీదనే మొద్దును బయటకు తీసేస్తే ఆ ఖాళీలోకి మళ్లీ గాలే పోతుంది, పడ్డ శ్రమలో సగం వృథా. అదే నీళ్లలో, పూర్తిగా మునిగేలా పైన బరువు పెట్టి, రాత్రంతా వదిలేయాలి.

వంటకు వాడని పెద్ద స్టీలు గుండిగ అయితే మేలు. అల్యూమినియం గిన్నె కర్ర రసానికి నల్లబడుతుంది. మరగడం మొదలయ్యాక గంటన్నర చాలు. నాలుగైదు గంటలు అదే పనిగా ఉడికిస్తే పైపొర నారలు వదులై, ట్యాంకులో త్వరగా మెత్తబడుతుంది. ఈ మొద్దు గుండిగలో పూర్తిగా పట్టలేదు. ముందు కాండం వైపు, తర్వాత తిప్పి పొడుగు వేరు వైపు ఉడికించి, చల్లారే సమయానికి మొత్తాన్ని వేడినీళ్ల టబ్‌లోకి మార్చాం. కర్రలో దాక్కున్న తొలిచే పురుగులు, వాటి గుడ్లు ఈ వేడికే పోతాయి. ఉప్పు, సబ్బు, ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్ ఏదీ వేయకూడదు. కర్ర వాటిని పీల్చుకుని ట్యాంకులో వదులుతుంది.

చల్లారాక తూకం: గాలిలో 3.48 కిలోలు, పైకి లాగే బలం 0.76. ఒక్క రాత్రిలో 400 గ్రాములు తగ్గింది.

నానబెట్టిన వారాలు

200 లీటర్ల నీలం డ్రమ్ము, నీడలో. మొద్దు మీద బరువుకి గ్రానైట్ దిమ్మ. నీళ్లు వారానికి రెండుసార్లు పూర్తిగా మార్చాం. వేసవిలో అయితే ఇది తప్పనిసరి, నలభై డిగ్రీల ఎండలో నిలవ నీళ్లు మూడో రోజుకే వాసన పడతాయి. బోరు నీళ్లు గట్టివైతే కర్ర మీద తెల్లటి పొర పేరుతుంది. అది సున్నమే, హాని లేదు, చివరి రెండు మార్పులకు మున్సిపల్ నీళ్లు లేదా ఆర్వో నీళ్లు వాడితే చాలు.

డ్రమ్ము మూతి మీద దోమతెర గట్టిగా కట్టాలి. డెంగీ దోమ గుడ్డు పెట్టినప్పటి నుంచి రెక్కలొచ్చేదాకా పట్టేది వారం పది రోజులే, మూత లేని నానుడు డ్రమ్ము దానికి సిద్ధంగా ఉన్న ఇల్లు. నీళ్లు మార్చే రెండు రోజుల్లో ఒకటి శుక్రవారం పెట్టుకుంటే దోమలు పెరక్కుండా నిలవ నీళ్లు పారబోసే డ్రై డే కూడా కలిసొస్తుంది. పారబోసేటప్పుడు డ్రమ్ము లోపలి గోడలు బ్రష్‌తో రుద్దాలి. గుడ్లు అంటుకుని ఉండేది అక్కడే.

రీడింగులు ఇలా వచ్చాయి. మొదటి అంకె గాలిలో బరువు, రెండోది పైకి లాగే బలం, రెండూ కిలోల్లో.

ఎండు కర్ర: 3.00, 1.16
ఉడికి చల్లారాక: 3.48, 0.76
1వ వారం: 3.71, 0.60
2వ వారం: 3.86, 0.50
4వ వారం: 4.05, 0.33
6వ వారం: 4.17, 0.21

రెండూ కూడితే వచ్చే ఘనపరిమాణం 4.16 నుంచి 4.38 లీటర్లకు పెరిగింది. కర్ర ఉబ్బింది. ఈ 220 మిల్లీలీటర్లు చిన్న సంగతి కాదు. ఎండు కర్రను ట్యాంక్ ముందు అద్దానికీ వెనక అద్దానికీ మధ్య బిగుతుగా ఇరికించి, అది లేవకుండా ఉంటుందిలే అనుకునేవాళ్లున్నారు. ఉబ్బే కర్ర అద్దాన్ని పగలగొట్టగలదు. ఏ వైపైనా కనీసం రెండు వేళ్ల సందు వదలాలి. పలకకు బిగించడం కూడా ఈ ఉబ్బు ఆగాకే. 4వ వారానికీ 6వ వారానికీ మధ్య ఘనపరిమాణం కదల్లేదు, బిగించడానికి అదే గుర్తు.

మొదటి రెండు వారాలు పాత నీళ్లు డికాక్షన్ రంగులో పోయాయి, ఆరో వారానికి లేత పసుపుకొచ్చాయి. ఇంకా నానబెడితే మొద్దు తనంతట తానే మునుగుతుంది. కానీ పైబరువైన వేరు ఉన్న ఈ మొద్దుకు మునిగినా పలక కావాల్సిందే కాబట్టి ఇంకా ఆగడంలో అర్థం కనబడలేదు.

రాయి ఎంపిక

ఇక్కడ తెలుగు నేల మీద ఉన్నవాళ్లకు ఒక సౌకర్యమూ ఉంది, ఒక ప్రమాదమూ ఉంది. సౌకర్యం మార్కాపురం పలకరాయి. ప్రమాదం ఏమిటంటే ఇంటి గచ్చుకు వేయగా మిగిలి పెరట్లో పడి ఉండే కడప బండ, తాండూరు బండ, బేతంచెర్ల బండ. ఇవి మూడూ సున్నపురాళ్లే. నల్లగా నున్నగా ఉండే కడప బండ చూడటానికి పలకలాగే ఉంటుంది. ప్లాంటెడ్ ట్యాంకులో కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తాం, అది నీటిలో కరిగి కార్బోనిక్ యాసిడ్ అవుతుంది, ఆ యాసిడ్‌కు సున్నపురాయి మెల్లగా కరుగుతూ నీటి కాఠిన్యాన్ని పెంచుతూనే పోతుంది. మెత్తటి నీళ్లు కోరే మొక్కలు, చేపలు ఉన్న ట్యాంకులో మట్టి కింద అలాంటి బండ ఒకటి ఉంటే, ఎన్ని నీళ్లు మార్చినా కేహెచ్ (కార్బొనేట్ల వల్ల వచ్చే కాఠిన్యం) ఎందుకు దిగట్లేదో అంతుపట్టదు.

పరీక్ష సులువు. రాయిని మేకుతో గీకి, ఆ పొడి మీద బాత్రూమ్ కడిగే యాసిడ్ రెండు చుక్కలు వేయాలి. బుసబుస పొంగితే సున్నపురాయి. వెనిగర్‌తోనూ చూడొచ్చు గానీ అది బలహీనమైనది, చిన్న బుడగల్ని గుర్తుపట్టడానికి వెలుతురు, ఓపిక కావాలి. పలకరాయి అని అమ్మినదాన్ని కూడా ఈ పరీక్ష చేయకుండా వాడొద్దు. కొన్ని పొరల్లో సున్నం సన్న గీతలుగా ఉంటుంది. ఇత్తడిలా మెరిసే గింజలు కనిపిస్తే ఆ ముక్క పక్కన పెట్టాలి, అవి ఇనుము, గంధకం కలిసిన పైరైట్ గింజలు. చేతికి గ్లౌజులు వేసుకుని, పరీక్ష అయ్యాక రాయిని బాగా కడగాలి.

గ్రానైట్ షాపుల దగ్గర మిగిలే ముక్కలు ఉచితంగానే ఇస్తారు, నీటిలో ఏమీ వదలవు. చిక్కల్లా రంధ్రం చేయడానికే. మామూలు మేసనరీ బిట్ అరిగిపోతుంది, డైమండ్ బిట్ కావాలి. పలకరాయికి మేసనరీ బిట్ చాలు.

ఎంచుకున్న పలక 30 × 20 సెం.మీ., మందం 12 మి.మీ. బరువు 1.98 కిలోలు, నీళ్లలో 1.26. 10 మి.మీ. కంటే పలుచటి పలకను వాడొద్దు, స్క్రూ తల దిగే చోట గుంట తీశాక మిగిలేది ఏమీ ఉండదు.

బరువు ఎక్కడ

నీళ్లలో పలక దించే బలం 1.26, ఎండు మొద్దు లాగే బలం 1.16. అంకెలు చూస్తే ఎండు మొద్దుకు కూడా ఈ పలక చాలాలి. చాలదు. ఎందుకో చెప్పాలంటే పైకి లాగే బలం ఎక్కడి నుంచి పనిచేస్తోందో పట్టుకోవాలి.

టబ్ అడుగున దిమ్మ పెట్టి, దాని నుంచి ఒక తాడు మొద్దుకు కట్టి మొద్దును నీళ్ల మధ్యలో తేలనివ్వాలి. కాండం దగ్గర కట్టినప్పుడు పొడుగు వేరు పైకి లేచి మొద్దు ఎడమకు పడిపోయింది. తాడును కొద్దికొద్దిగా వేరు వైపు జరుపుతూ పోతే ఒకచోట మొద్దు ట్యాంకులో ఎలా ఉండాలో అలాగే నిలబడింది. ఆ చోటు కాండం నడిమి నుంచి కుడికి 13 సెం.మీ. పైకి లాగే బలమంతా అక్కడ ఉన్నట్టు లెక్క.

పలకను కాండం సరిగ్గా నడిమిన వచ్చేలా బిగించామనుకోండి. మొద్దు లేవాలంటే పలక ఎడమ అంచు మీద తిరగాలి. తిప్పే బలం తెలియాలంటే బరువును ఆ అంచు నుంచి ఉన్న దూరంతో గుణించాలి. ఆ అంచు నుంచి పలక మధ్యకు 15 సెం.మీ., అంటే ఆపే బలం 1.26 × 15, దాదాపు 18.9. లాగే చోటు అంచు నుంచి 15 + 13, అంటే 28 సెం.మీ. కాబట్టి లేపే బలం ఎండు మొద్దుకు 1.16 × 28, అంటే 32.5. నిశ్చయంగా ఒరుగుతుంది. పలకను కుడికి జరిపి, కాండం నడిమి పలక ఎడమ అంచుకు 7 సెం.మీ. దూరంలో ఉండేలా చేస్తే లేపే బలం 1.16 × 20, 23.2. తేడా చాలా తగ్గింది, అయినా ఎండు మొద్దు ఒరుగుతుంది. ఆరు వారాలు నానిన మొద్దుకు మాత్రం 0.21 × 20, అంటే 4.2. దానికి ఎదురుగా 18.9. నాలుగున్నర రెట్ల భద్రత. కనీసం మూడు రెట్లు లేకుండా ట్యాంకులో పెట్టకూడదు. చేపలు తగలడం, నీళ్లు మార్చేటప్పుడు చెయ్యి తగలడం, మట్టి జారడం, ఇవన్నీ ఉంటాయి.

పలక మీద పోసే మట్టి బరువును ఈ లెక్కలో కలపలేదు. అది ఉంటే మంచిదే, కానీ మట్టి జరుగుతుంది. జరిగేదాన్ని నమ్ముకుని నిలబెట్టడం సరికాదు.

రంధ్రాలు, స్క్రూలు

స్క్రూలు స్టెయిన్‌లెస్ 316, దొరక్కపోతే 304. హార్డ్‌వేర్ షాపుకు ఒక అయస్కాంతం తీసుకెళ్లాలి. స్టెయిన్‌లెస్ అని ఇచ్చే సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు తరచుగా 410 రకం, అయస్కాంతానికి టక్కున అతుక్కుంటాయి, నీళ్లలో తుప్పు పడతాయి. 304, 316 అతుక్కోవు, మహా అయితే కొద్దిగా లాగుతాయి. జింకు పూత స్క్రూలు, ఇత్తడి స్క్రూలు వద్దు. జింకు, రాగి రెండూ రొయ్యలకు, నత్తలకు చేటు.

పీఠం కాండం అడ్డంగా కోసిన ముఖం కాబట్టి స్క్రూ నారల వెంట దిగుతుంది. నారలకు అడ్డంగా దిగే స్క్రూతో పోలిస్తే ఈ పట్టు తక్కువ. అందుకే 2 అంగుళాల 8 నంబరు బదులు రెండున్నర అంగుళాల 10 నంబరు స్క్రూలు మూడు తీసుకున్నాం. ఒక్క స్క్రూతో బిగిస్తే మొద్దు బొంగరంలా తిరుగుతుంది, రెండింటితో ఊగుతుంది.

పలకలో రంధ్రం 6 మి.మీ. స్క్రూ మందం కంటే ఒక మి.మీ. ఎక్కువ, కర్ర కాస్త కదిలినా పలక మీద ఒత్తిడి పడకుండా. ప్రతి రంధ్రం అంచు నుంచి 3 సెం.మీ. లోపలికి. పలకను చెక్క మీద సమంగా పరిచి, డ్రిల్ హ్యామర్ మోడ్ ఆపేసి, తక్కువ వేగంతో, నొక్కకుండా దించాలి. హ్యామర్ పెడితే పొరలు విడిపోతాయి. పక్కన ఒకరు చుక్కచుక్కగా నీళ్లు పోస్తుంటే బిట్ వేడెక్కదు, దుమ్ము లేవదు. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, మాస్కు తప్పదు. డ్రిల్ మెషీన్ కరెంటుది అయితే నీళ్లు మోటారు వైపు రాకుండా చూడాలి, బ్యాటరీది ఇంకా మంచిది. బిట్ బయటకు వచ్చే వైపు పెచ్చులు లేస్తాయి కాబట్టి అద్దం వైపు ఉండే ముఖం నుంచి మొదలుపెట్టాలి. పెచ్చు లేచినా అది కర్ర కింద దాగుతుంది.

అద్దం వైపు ముఖాన 10 మి.మీ. బిట్‌తో 4 మి.మీ. లోతు గుంట తీసి, స్క్రూ తల అందులో పూర్తిగా దిగేలా చూశాం. తల బయటకు పొడుచుకుని ఉంటే మొత్తం బరువు అద్దం మీద మూడు చుక్కల్లో పడుతుంది.

కర్రలో ముందుగా 3.5 మి.మీ. బిట్‌తో 50 మి.మీ. లోతు రంధ్రాలు. నానిన కర్ర బిట్‌కు అంటుకుంటుంది, మధ్యమధ్య బయటకు తీసి పొట్టు దులపాలి. బిగింపు చేత్తోనే, మెషీన్‌తో కాదు. మూడింటినీ వంతుల వారీగా కొద్దికొద్దిగా బిగించి, పట్టు తగిలాక పావు చుట్టు వేసి ఆపేయాలి.

సిలికాన్ గురించి ఒక మాట. తడి కర్రకు అది పట్టదు. ఎండు కర్రకు పట్టినా, కర్ర ఉబ్బగానే ఊడిపోతుంది. కర్రను ట్యాంక్ అడుగు అద్దానికి సిలికాన్‌తో అతికించే పద్ధతి అసలు మంచిది కాదు. ఊడితే ఒక బాధ, ఊడకపోతే అద్దాన్ని లాగుతుంది. సీసం ముక్కలు కట్టి ముంచే అలవాటూ వదిలేయాలి.

ట్యాంకులో దించడం

బిగించిన మొద్దును ముందు టబ్‌లో రాత్రంతా మునిగేలా ఉంచాం. మట్టి పోయకముందే చేయాల్సిన పరీక్ష ఇది. పొడుగు వేరు కొసను వేలితో పైకి నెట్టి వదిలితే పలక కుడి అంచు లేచి వెంటనే తిరిగి కూర్చుంది. అలా కూర్చోకపోతే పలక పెద్దది కావాలి, లేదా ఇంకో రెండు వారాలు నానాలి.

అడుగు అద్దం మీద 3 మి.మీ. ఎక్రిలిక్ షీట్, పలక కంటే అన్నివైపులా అంగుళం పెద్దది. పలక అంచుల్ని ఆకురాయితో రుద్ది మొన విరిచాం. మొద్దును కాండం పట్టుకుని ఇద్దరు దించాలి. వేర్లు పట్టుకుంటే అవి విరుగుతాయి.

మట్టి పలక మీద రెండున్నర అంగుళాలు, వెనక నాలుగు. పలక ఉన్న మేర వేళ్లు లోతుకు పోయే మొక్కలు నాటకూడదు. కత్తి మొక్కలు, క్రిప్టోలు (క్రిప్టోకొరైన్ మొక్కలు) లాంటివి పలక అంచు దాటాక. పలక మీద ముందువైపు పొట్టి గడ్డి రకాలు సరిపోతాయి. కాండం చుట్టూ మట్టిని వేళ్లతో కూరి ఖాళీలు లేకుండా చేయాలి. ఖాళీలో పేరుకున్న చెత్త గాలి తగలక కుళ్లి కుళ్లిన గుడ్డు వాసన తెస్తుంది.

అనుబియాస్, జావా ఫెర్న్ కొమ్ముల్ని (వేళ్లు, ఆకులు పుట్టే అడ్డ కాండాల్ని) కర్రకు నూలు దారంతో కట్టాం, ఒకటి రెండు చోట్ల జెల్ రకం సూపర్ గ్లూ. దారం కొన్ని వారాల్లో చివికిపోయేలోగా వేళ్లు పట్టేస్తాయి. కొమ్ము కర్ర పైనే ఉండాలి, సందులో కూరితే కుళ్లుతుంది. ఇదంతా అయ్యేదాకా కర్రను స్ప్రేయర్‌తో తడుపుతూ ఉండాలి. ఎండితే మళ్లీ గాలి ఎక్కుతుంది, ఆరు వారాల నానుడు వెనక్కి పోతుంది.

నీళ్లు మూడో వంతు పోసి గంట ఆగి చూడాలి, తర్వాత పూర్తిగా. ధార కింద పళ్లెం పెట్టి పోస్తే మట్టి లేవదు.

నీళ్లు నింపాక

మొదటి వారం నీళ్లు లేత టీ రంగు. ఇవి కర్రలోని టానిన్లు, చేపలకు హాని లేదు. మొక్కలకు వెలుతురు తగ్గుతుంది, అంతే. వారానికి రెండుసార్లు సగం నీళ్లు మార్చడం, ఫిల్టర్‌లో 100 గ్రాముల యాక్టివేటెడ్ కార్బన్. కార్బన్ మూడు నాలుగు వారాలకు మార్చాలి. టానిన్ల వల్ల పీహెచ్ పడిపోతుందన్న భయం బోరు నీళ్లు వాడేవారికి అక్కర్లేదు. కేహెచ్ ఎక్కువగా ఉన్న నీళ్లను ఇంత కొద్ది ఆమ్లం కదిలించలేదు.

రెండో వారం కర్ర మీద తెల్లటి జిగురు పొర, ముఖ్యంగా కోసిన చోట్ల, వేళ్ల కొసల్లో. ఇది బాక్టీరియా, బూజు కలిసిన పొర. కర్రలో మిగిలిన చక్కెర అయిపోయేదాకా ఉండి తనే పోతుంది. మందు వేయొద్దు, మొద్దును బయటకు తీయొద్దు. నీళ్లు మార్చే ముందు మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్ది పైపుతో లాగేస్తే చాలు. నీళ్లలో చేపలకు విషమైన అమోనియా, నైట్రైట్ సున్నాకు వచ్చాక వేసే చెర్రీ రొయ్యలు, ఒటోసింక్లస్ చేపలు మిగతాది తినేస్తాయి. పొర తెల్లగా, వాసన లేకుండా ఉన్నంతకాలం దిగులు లేదు. కర్ర నల్లబడి, వేలితో నొక్కితే దిగుతూ, గుడ్డు వాసన వస్తే మాత్రం అది పుచ్చు. శుభ్రం చేసేటప్పుడు ఎక్కడో వదిలేసిన మెత్త భాగం అన్నమాట. చిన్నదైతే నీళ్లలోనే తవ్వి తీయొచ్చు, పీఠం దగ్గరైతే మొద్దును బయటకు తీయక తప్పదు.

ఐదో వారానికి తెల్ల పొర పోయింది, నీళ్లు తేటపడ్డాయి. పొడుగు వేరు కొస నీటి మట్టానికి ఎంత కిందుందో నింపిన రోజే అద్దం బయట మార్కర్‌తో గీత పెట్టుకున్నాం. కొస ఆ గీత దగ్గరే ఉంది, పీఠం కదల్లేదు. నాచు మొదటిసారి కత్తిరించేటప్పుడు కాండం మొదట్లో మట్టిని వేలితో తప్పించి, పలకకూ కర్రకూ మధ్య సందు వచ్చిందేమో చూడాలి. వస్తే స్క్రూ పట్టు వదులుతున్నట్టు. సందు లేకపోతే మట్టి మళ్లీ కప్పేయడమే.